ఊరు మారిన ఇళ్లు

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో, పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో ప్రసంగించమని ఆహ్వానించినప్పుడు కార్యదర్శిగారు "మీకు తెలిసిన విషయమే చెప్పండి" అన్నారు. నాకు తెలిసినది ఒక్కటే, కట్టడాలను కొలవడం. ప్రభుత్వ కార్యాలయంలో ముప్ఫై రెండేళ్లు డ్రాఫ్ట్‌స్‌మన్‌గా పనిచేశాను. కట్టబోయే భవనాలకు పటాలు గీయడం నా వృత్తి. ఎప్పుడో కట్టిన ఇళ్లకు పటాలు గీసుకోవడం నా వ్యసనం. మొదటిది నాకు పింఛను ఇచ్చింది. రెండవది ఏమీ ఇవ్వలేదుగాని, ఈనాడు మీతో పంచుకోవడానికి నాలుగు మాటలు ఇచ్చింది.

తెలుగువాడు ఎదుటివాడి వంశనామం తెలుసుకోవాలంటే "మీ ఇంటిపేరేమిటి?" అని అడుగుతాడు. ఇంటిపేరు అన్నాము, వంశం పేరు అనలేదు. ఆ పేర్లలో చాలా భాగం ఊళ్ల పేర్లే. అంటే, ఒకానొకనాడు ఆ ఊరు విడిచి వచ్చినవారు ఇల్లు మోసుకురాలేక, దాని పేరు మాత్రం మోసుకువచ్చారన్నమాట. మన తిరుత్తణికి లోకంలో ఖ్యాతి తెచ్చిన మహనీయుని పేరే దీనికి ఉదాహరణ. 1888 సెప్టెంబరు 5న ఈ ఊళ్లో పుట్టిన రాధాకృష్ణన్‌గారి ఇంటిపేరు సర్వేపల్లి. ఆ సర్వేపల్లి నెల్లూరు జిల్లాలో ఉన్నది. పూర్వీకులు అక్కడినుంచి ఇటు తరలివచ్చారు. భారత రాష్ట్రపతి అయిన తరువాత కూడా ఆ గ్రామనామం ఆయన పేరుకు ముందు నడిచింది. ఊరు మారిన ఇంటికి ఇంతకంటె తేలికైన రవాణా మరొకటి నాకు తెలియదు.

ఆయన బాల్యం గడిచిన తిరుత్తణి ఇల్లు తరువాతికాలంలో గ్రంథాలయమైనది. ఇల్లు గ్రంథాలయం కావడం మంచిదేనా అని కొందరు నన్ను అడుగుతుంటారు. కట్టడాలు కొలిచేవాడిగా నా అభిప్రాయం చెబుతాను. వాడుకలో లేని ఇల్లు ఎన్నాళ్లో నిలవదు. వంటింట్లో పొయ్యి రాజుకుంటే, ఆ పొగకు దూలాలలో చెద చేరదు. మనుషులు తిరిగితే ఎక్కడ చినుకు కారుతున్నదో ఆనాడే తెలుస్తుంది. పొయ్యి ఆరిన ఇంటిలోకి పుస్తకాలు వచ్చి మనుషులను రప్పిస్తే, ఆ ఇల్లు బ్రతికినట్లే. గదులు మారవచ్చు, గోడలకు బీరువాలు అడ్డుపడవచ్చు. అయినా ఆ వీధిలోనే, ఆ కొండ నీడలోనే ఉంటుంది. మార్పు చెందిన ఇంటికీ, తరలిపోయిన ఇంటికీ భేదం అక్కడ ఉన్నది.

తరలిపోవడం గురించి చెప్పేముందు, కదలకుండానే తరలిపోయిన ఇళ్లను గురించి ఒక మాట. అవి మనవే. రాధాకృష్ణన్‌గారు పుట్టిననాడు తిరుత్తణి ఉత్తర ఆర్కాటు జిల్లాలో, కార్వేటినగరం జమీందారీలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడి, మన ఊరు అందులో చేరింది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో ఉన్నాము, 1956లో ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాము. పాటస్కర్‌గారి సిఫారసుల మీద 1959లో సరిహద్దుల మార్పు చట్టం వచ్చి, 1960 ఏప్రిల్ 1 నుంచి మద్రాసు రాష్ట్రంలో, చెంగల్పట్టు జిల్లాలో చేరాము. 1969లో ఆ రాష్ట్రం తమిళనాడయింది. 1997లో మన జిల్లా తిరువళ్లూరయింది. ఇన్ని మార్పులలోనూ మన ఇళ్ల అరుగు రాయి ఒక్కటి కూడా జరగలేదు.

మా అన్నయ్య ఈ బడిలో చేరినప్పుడు చిత్తూరు జిల్లా విద్యార్థి. 1960 జూన్‌లో నేను చేరేనాటికి చెంగల్పట్టు జిల్లా విద్యార్థిని. ఇద్దరిదీ ఒకే బడి, ఒకే చింతచెట్టు. నాకు చాలాకాలం ఇది విడ్డూరంగా తోచేది. అదే చట్టంతో ఇటునుంచి అటు వెళ్లిన గ్రామాలు కూడా ఉన్నాయి. సత్యవేడు ప్రాంతంలోని తమిళ కుటుంబాలవారిని అడిగితే, ఇదే కథను వారి భాషలో చెబుతారు. ఎవరి తప్పూ కాదు. రెండు భాషలు ఒకే వీధిలో కాపురముంటే గీత ఎక్కడ గీసినా ఏదో ఒక ఇంటి నడవలోనుంచి పోవలసిందే.

ఇక నిజంగానే తరలిపోయే ఇళ్ల సంగతికి వస్తాను.

పాత ఇల్లు తరలించడం అసాధ్యమని చాలామంది అనుకుంటారు. నిజానికి మన తాతముత్తాతల ఇళ్లు విప్పడానికి వీలుగానే కట్టినవి. కొత్త ఇళ్లే విప్పలేనివి. దీనికి కారణం సున్నం. ఆనాటి మేస్త్రీలు సున్నమును నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో ఎడ్లచేత తిప్పించేవారు. మంచి పనులకు కరక్కాయ నానిన నీరు, బెల్లపు నీరు చేర్చేవారు. ఆ గానుగ సున్నం ఇటుకను గట్టిగా పట్టుకుంటుంది, కాని దానితో ఏకమైపోదు. నిదానంగా తట్టితే ఇటుక ఇటుకగానే చేతికి వస్తుంది. సిమెంటు అలా కాదు. సిమెంటు గోడను పడగొడితే ఇటుక పగులుతుందేగాని అతుకు వీడదు. అందువల్ల నూరేళ్ల నాటి ఇంటి ఇటుక మరో ఇంటికి పనికివస్తుంది, నలభై ఏళ్ల నాటి ఇంటి ఇటుక గుంత పూడ్చడానికి పోతుంది.

కలప సంగతీ అంతే. స్తంభం మీద బోదె, బోదె మీద దూలం, దూలం మీద వాసాలు అన్నీ ఒకదానిలో ఒకటి దూర్చి, చెక్క చీలలు బిగించినవి. ఇనుప మేకు వాడిన చోటు చాలా అరుదు. చీల ఊడదీస్తే దూలం దిగివస్తుంది. మన ప్రాంతపు మిద్దె ఇళ్లను, ముఖ్యంగా మద్రాసు మిద్దె అని పేరుపడిన పైకప్పును చూడండి. టేకు దూలాల మీద సన్నని చిన్న ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో పేర్చి సున్నంతో బిగిస్తారు. దానిపై ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస పోస్తారు. ఆపైన పలక బిళ్లలు పరుస్తారు. ఆ దిమ్మిస కొట్టడానికి ఆడవారు వరుసగా కూర్చొని, పాట పాడుతూ చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారని మా నాయనమ్మ చెప్పేది. ఇటువంటి పైకప్పును విప్పితే కలపా, ఇటుకా రెండూ మిగులుతాయి. పనితనం మాత్రం మిగలదు. అది కొట్టిన చేతులతోనే పోతుంది.

ఇలా విప్పిన ఇళ్లను శాస్త్రోక్తంగా మళ్లీ నిలబెట్టిన చోటు మనకు దగ్గరలోనే ఉంది. మద్రాసుకు దక్షిణాన సముద్రతీరపు దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర అనే సంస్థ ఉన్నది. 1984లో డెబొరా త్యాగరాజన్‌గారు నెలకొల్పిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ వారిది. 1996 డిసెంబరులో ప్రజలకు తెరిచారు. ఆవరణ రూపకల్పన ప్రసిద్ధ వాస్తుశిల్పి లారీ బేకర్‌గారిది. పూర్వపు ఇళ్లు తరలించి ప్రదర్శించే ఈ పద్ధతికి స్వీడన్ దేశంలో, స్టాక్‌హోమ్ నగరంలో 1891లో ఆర్టర్ హాజెలియస్ అనే ఆయన స్థాపించిన స్కాన్సెన్ ఆద్యమంటారు. మన పక్కన చెట్టినాటి వ్యాపారుల ఇల్లు, కేరళలోని పుత్తుప్పళ్లి నుంచి సిరియన్ క్రైస్తవుల ఇల్లు, ఇలా కూలిపోబోతున్న ఇళ్లను కొని, విప్పి, ముక్క ముక్కకూ గుర్తులు వేసి, లారీలమీద తెచ్చి మళ్లీ కూర్చారు.

నేను అక్కడికి మొదటిసారి వెళ్లినప్పుడు తెలుగు ఇళ్లనే వెతుక్కుంటూ వెళ్లాను. రెండు కనిపించాయి. ఒకటి నల్గొండ ప్రాంతపు కొయ్యలగూడెం నేతగాని ఇల్లు, మరొకటి విశాఖ తీరంలోని హరిపురం తరహా చుట్టిల్లు. చుట్టిల్లు గుండ్రని మట్టిగోడల ఇల్లు. దాని తాటాకు కప్పు గొడుగులాగా నేలకు దగ్గరగా దిగి ఉంటుంది. తుపాను గాలి ఎదురుగా తాకే మూల ఒక్కటి కూడా లేక, చుట్టూ జారిపోతుంది. వంగి లోపలికి వెళ్లాలి. నాబోటి పొడుగువాళ్లకు మొదట తల తగులుతుంది, తరువాత అలవాటవుతుంది.

ఆ మట్టిగోడ ముందు నిలబడినప్పుడు నాకొక విషయం బోధపడింది. టేకు స్తంభమును లారీలో వేయవచ్చు. మట్టిగోడను వేయలేము. అటువంటి ఇంటికి గోడ తరలదు, గోడ పెట్టే విద్య మాత్రమే తరలుతుంది. ఆ విద్య ఎరిగినవారు వచ్చి, ఇక్కడి మట్టి పిసికి, పొర ఆరిన తరువాత పొరగా పెట్టవలసిందే. మరి అది పాత ఇల్లా, కొత్త ఇల్లా? ఒక రేగడి ముద్ద కూడా పాతది కాదు. అయినా అది హరిపురం ఇల్లే అని నేనంటాను. దానికి భిన్నంగా, స్తంభాలూ తలుపులూ అన్నీ పాతవే ఉండి కూడా పాత ఇల్లు కానిది ఒకటి నాకు తెలుసు. అది నేను కట్టుకున్న ఇల్లు.

తిరుత్తణికీ పళ్లిపట్టుకూ నడుమ ఒక పల్లెలో మా ముత్తాత కట్టించిన ఇల్లు ఉండేది. వీధిలో రెండువైపులా తిన్నెలు, వాకిలి దాటితే నడవ, నడవ దాటితే నడిమధ్య ఆకాశం కనిపించే తొట్టి, దాని చుట్టూ నాలుగువైపులా పడసాల, ఈశాన్యాన బావి, వెనుక వంటిల్లు, ఆపైన పెరడు, కొట్టము. అరవంలో నడవను రేళి అంటారు, తొట్టిని ముట్రం అంటారు. మా ఇంట్లో ఎవరు ఏ భాషలో వచ్చి పిలిస్తే ఆ భాషలో గది పేరు పలికేది. కట్టిన సంవత్సరం ఏ కాగితంలోనూ లేదు. అయితే ఇల్లు తన వయస్సు తానే చెబుతుంది. వెనుక పడసాల మీద కుమ్మరి చేసిన నాటు పెంకులు. వీధి వసారా మీద మంగళూరు పెంకులు. మంగళూరులో బాసెల్ మిషన్‌వారు పెంకుల కర్మాగారం పెట్టింది 1865లో. కాబట్టి వీధి వసారా ఆ తరువాతి చేర్పు. స్నానాలగది గచ్చు సిమెంటుది, అది మా తాతగారి హయాము. తొట్టి స్తంభం మీదుగా సన్నని చెక్క పట్టీలలో పోయిన కరెంటు తీగ మా నాయన హయాము. ఒక ఇంటిలో నాలుగు తరాలు వేసిన నాలుగు చేర్పులను పెంకు, గచ్చు, తీగ చూసి చదవవచ్చునని ఉద్యోగంలో చేరిన తరువాతగాని నాకు తెలియలేదు.

1991లో అన్నదమ్ముల భాగాలు తేలక, ఇల్లు విప్పి సామాను పంచుకోవాలని నిశ్చయమైనది. నా వాటాకు తొట్టి స్తంభాలు ఆరు, వీధి తలుపు, ద్వారబంధం వచ్చాయి. తిరువళ్లూరులో నేను కడుతున్న ఇంటికి వాటిని తరలించాను. ఇతరుల ఇళ్ల పటాలు వందలు గీసిన నేను, మా ఇంటి పటం గీయలేదు. స్తంభాలకు గుర్తులు పెట్టలేదు. "మా ఇల్లే కదా, నాకు తెలియదా" అనుకున్నాను. ఇంతకన్న అవివేకం నా జీవితంలో మరొకటి లేదు. లారీ దిగేసరికి ఏ స్తంభం ఏ మూలదో ఎవరికీ తెలియలేదు. ఒక్కొక్క స్తంభం పాదం రాతి దిమ్మె మీది పల్లానికి తగినట్లు ఒక్కొక్క ఎత్తున కోసి ఉన్నది. పొడవైనదానిని కోసి పొట్టిదానికి సమం చేశాము. తొట్టికి కొత్త ఇంటిలో చోటు లేదు. కాబట్టి ఆకాశం కోసం పుట్టిన స్తంభాలు శ్లాబు కింద, ట్యూబులైటు వెలుతురులో నిలిచాయి.

ద్వారబంధమును శుభ్రం చేయమని వడ్రంగికి అప్పగించాను. అతడు మంచి పనివాడు. చక్కగా చిత్రిక పట్టి, వార్నిషు పూసి తెచ్చాడు. గృహప్రవేశం నాడు మా అమ్మ లోపలికి వస్తూ ఆగి, ద్వారబంధం లోపలి వైపు చేతితో తడిమింది.

"ఈడ పాల లెక్క ఉండేది కదా నాయనా" అన్నది.

నిజమే. పాలు పోసినప్పుడల్లా సున్నపు వేలితో ఒక గీత పెట్టేది. దానికి పైన మా నాయనమ్మ పెట్టిన గీతలు ఉండేవి, అవి కత్తితో గీచినవి. పక్కన మా అన్నదమ్ముల ఎత్తులు కొలిచిన గుర్తులు. ఒక గంట చిత్రికతో రెండు తరాల ఆడవారి లెక్క పోయింది. వడ్రంగిని తప్పుపట్టడానికి వీలులేదు, శుభ్రం చేయమన్నది నేనే. అమ్మ మరి ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

పెద్ద కట్టడాలకు కూడా ఈ చిక్కు తప్పదు. మన జిల్లాలోనే పూండి జలాశయం ఉన్నది. కుశస్థలి నదికి అడ్డకట్ట వేసి, 1944లో పూర్తిచేసి, సత్యమూర్తిగారి పేరు పెట్టారు. ఆ నీటిలో మునిగిన తిరువెణ్పాక్కం శివాలయం సుందరమూర్తి నాయనారు పాడిన క్షేత్రం. చూపు పోయిన ఆ భక్తునికి స్వామి అక్కడ ఊతకర్ర ప్రసాదించాడని, కోపంతో ఆయన ఆ కర్ర విసిరితే నందికి కొమ్ము విరిగిందని స్థలపురాణం. మూర్తులను పూండి గట్టుకు తెచ్చి, కొత్త ఆలయం కట్టి, 1968లో కుంభాభిషేకం చేశారు. కొమ్ము విరిగిన నంది ఇప్పటికీ అక్కడ ఉన్నాడు. తరలింపులో ఎవరైనా ఆ కొమ్మును "బాగుచేసి" ఉంటే ఆ ఆలయం కథ ఏమైపోయేది? మా వడ్రంగికి అప్పగించక పోవడం ఆ నంది అదృష్టం.

1996 నుంచి పూండికి తెలుగుగంగ కాలువలో కృష్ణాజలం వస్తున్నది. ఆ నీరు శ్రీశైలం జలాశయం నుంచి బయలుదేరుతుంది. ఆ జలాశయం కింద మునిగే చోటనే, కృష్ణా తుంగభద్రల కూడలిలో, చాళుక్యులనాటి సంగమేశ్వరాలయం ఉండేది. దాని రాళ్లకు అంకెలు వేసి, విప్పి, అలంపురంలో తిరిగి పేర్చారు. అక్కడ ఒక గుడిని కదిలించిన నీరే ఇక్కడ మరొక గుడి విడిచిన చోటికి వచ్చి చేరుతున్నది. అలంపురంలో రాయి రాయీ తన వరుసలో ఉన్నది. కాని రెండు నదులు కలిసేచోట కట్టినందువల్ల వచ్చిన సంగమేశ్వరుడనే పేరుకు, ఇప్పుడు ఆయన వాకిట్లో సంగమం లేదు. ఎంత జాగ్రత్తగా అంకెలు వేసినా, ఇల్లు ఏ దిక్కుకు ఏమి చూస్తూ ఉండేదో దానిని లారీలో వేయలేము. అందువల్లనే, ఉన్నచోట మార్చి వాడుకోగలిగితే తరలించవద్దంటాను. తరలించక తప్పనప్పుడు కొలవకుండా ముట్టుకోవద్దంటాను.

మన తిరుత్తణి, తిరువళ్లూరు వీధులలో తిన్నెల ఇళ్లు ఏటికేడాది తగ్గుతున్నాయి. పెద్దలారా, మీలో చాలామందికి పల్లెలో అటువంటి ఇల్లు ఒకటి తాళం వేసి ఉన్నది. దానిని నిలపమని నేను కోరలేను. నిలపడానికయ్యే ఖర్చు నాకు తెలుసు. మంచి గానుగ సున్నం ఇప్పుడు సిమెంటుకన్న ప్రియం. నేను కోరేది వేరు. 2006 నాటి చట్టంతో మన బడిలో తెలుగు ఉన్న స్థానం మారింది. పిల్లలకు తమిళం ముఖ్యభాషగా వచ్చింది, తెలుగుకు ఉన్న గంటలు తగ్గాయి. తమిళం బాగా నేర్వవలసిందే, ఈ నేల భాష అది. మిగిలిన కొద్ది తెలుగు గంటలలో పిల్లవాడికి దూలం, వాసం, బోదె, గడప, గూడు, పడసాల, గాదె అనే మాటలు పుస్తకంలోనే చెబితే అతడు మరచిపోతాడు. వాటిని ముట్టుకుని, కొలిచి, పటంలో తన చేత్తో రాస్తే మరచిపోడు.

ప్రధానోపాధ్యాయులవారితో మాట్లాడాను. జూన్‌లో బడి తెరిచిన తరువాత ప్రతి శనివారం మధ్యాహ్నం ఎనిమిదవ తరగతి పిల్లలతో నేను ఒక పాత ఇంటికి వెళతాను. నూరడుగుల టేపు, తూనికగుండు కట్టిన దారం, గళ్ల కాగితాలు నేను తెస్తాను. పిల్లలు కొలుస్తారు, ఆ ఇంటి పెద్దావిడ ప్రతి గదికీ ఏ పేరుతో పిలిచేదో అదే పేరు రాస్తారు, తెలుగైతే తెలుగు, తమిళమైతే తమిళం. గోడల మీద, ద్వారబంధాల మీద గీతలు ఉంటే, తుడవకముందు వాటిని కూడా దించుకుంటారు. పటాలు ఈ బడి గ్రంథాలయంలో ఉంటాయి. రేపు మీరు ఇల్లు విప్పవలసివస్తే ఒక నకలు తీసుకొనిపోవచ్చు.

దీనికి మీనుంచి కావలసింది తాళంచెవి. ఎవరి ఇంటికి రావచ్చునో సభ ముగిసిన తరువాత నాతో చెప్పండి. వరండాలో, గంట వేలాడే చోట కాగితం పట్టుకుని ఉంటాను. మొదటి శనివారానికి ఇప్పటికే ఒక ఇల్లు దొరికింది. బడి వెనుక వీధిలో, నాటు పెంకుల ఇల్లు. వానలు రాకముందే కొలవాలి. దాని దక్షిణపు పడసాల ఈ వానకాలం నిలిచేటట్లు లేదు.